కోడికాలు అంచుకు వెనకవేలు

నేను ఇంతకాలం ఏమీ రాయకపోవడానికి కారణం బద్ధకం కాదు. చేతులు ఖాళీగా లేవు. జమ్మలమడుగులో మగ్గాల వీధిలో పుట్టాను, అదే వీధిలో నాలుగిళ్ళ అవతలికి కాపురానికి వచ్చాను. ఆరేళ్ళకే రాట్నం ముందు కూర్చోబెట్టారు. మగ్గం మీద అటూ ఇటూ పరుగెత్తే నాడెలో పెట్టే కండెలకు నూలు చుట్టడం మా ఇళ్ళలో ఆడపిల్లల పని. బడి మా ఇంటి వెనకే ఉండేది. పిల్లలు ఎక్కాలు అప్పజెప్పే గొంతులు గోడ దాటి వచ్చేవి. నూలు చుడుతూనే ఎక్కాలు నేర్చుకున్నాను. అంకెలు వచ్చాయి. అక్షరాలు మాత్రం గోడ దాటి రాలేదు. వాటిని పలక మీద కళ్ళతో చూడాలి.

యాభై ఏడో ఏట, మా వీధి అంగన్‌వాడీ గదిలో మధ్యాహ్నం పూట ఆడవాళ్ళకు చదువు చెబుతున్నారంటే వెళ్ళాను. గోడకు కట్టిన పటంలో 'మ' పక్కన మామిడిపండు ఉండేది. నేను దాన్ని మగ్గం అనే నేర్చుకున్నాను. ఆరు నెలలకు కూడబలుక్కుని చదవడం వచ్చింది, మరో ఆరు నెలలకు రాయడం. ఆ వయసులో అంత పట్టుదల ఎందుకంటే, మా అత్త కోసం.

మా అత్త నేతగత్తె. మా వైపు మగ్గం మీద కూర్చునేది ఎక్కువగా మగవాళ్ళే అయినా, మామ తొందరగా పోవడంతో ఆమె గుంత మగ్గంలోకి దిగింది. దిగినాక లేవలేదు. కాగితం లేదు, పుస్తకం లేదు, ఏ అంచుకు ఎన్ని పోగులు ఎత్తాలో, ఎన్ని వదలాలో అంతా ఆమె నోట్లోనే ఉండేది. "మూడెత్తు, రెండొదులు, ఒకటెత్తు, ఐదొదులు" అని పాటలాగా అనుకుంటూ నేసేది. అదే వరుస మళ్ళీ వస్తే మళ్ళీ మొత్తం చెప్పేది కాదు. "ముందరిదే ఇంకా ఏడు" అనేసి ఆ ఏడూ వేలి కణుపుల మీద లెక్కపెట్టుకునేది.

కొన్నేళ్ళ కిందట ఆమెకు చూపు పోయింది. అందుకు పెద్దగా బాధపడలేదు. "సూసేదేముందిలే మే, వేళ్ళుండాయి గదా" అనేది. మా ఆయన నేసిన బట్ట మీద చెయ్యి ఆనించి, ఎక్కడ పోగు తప్పిందో చెప్పేది. తర్వాత సుగరు వేళ్ళకు ఎక్కింది. ముందు బొటనవేలు, తర్వాత చూపుడువేలు, ఒక్కొక్కటే తిమ్మిరెక్కి స్పర్శ పోవడం మొదలైంది. పొద్దున లేచి వేళ్ళన్నీ చీర కుచ్చెళ్ళ మీద రుద్దుకుని చూసుకునేది. "ఈ పొద్దు ఇంకోటి పాయె" అని, పక్కింటి కోడి పోయిందన్నంత మామూలుగా చెప్పేది.

ఆ రోజుల్లోనే ఒక మధ్యాహ్నం నన్ను పిలిచి అంది. "మే, వేళ్ళు రవ్వన్ని ఉండంగానే ఆ కోడికాలు అంచు ఒగసారి తడమాలనుంది."

కోడికాలు అంచు ఆమె సొంతం. నల్లటి అంచు మీద పసుప్పచ్చ కోడి అడుగులు వరసగా ఉంటాయి. నేను కాపురానికి వచ్చేనాటికే అది అడిగేవాళ్ళు లేక ఆమె నేయడం మానేసింది. నేను చూసింది ఒకే ఒక్క చీర, అదీ మా వదిన కట్టుకుని తిరుగుతుంటే దూరం నుంచి. వదిన అంటే మా ఆయన అక్క, పులివెందులలో ఉంటుంది. మా ఆయనకూ పసుపు అడుగులు తప్ప మరేమీ గుర్తు లేదు. "లెక్క చెప్పు అత్తా, రాసుకుంటా" అంటే అత్త మొదలుపెట్టేది, నాలుగు వరసలు చెప్పి ఆగిపోయేది. కాళ్ళు చేతులు ఆడకుండా ఆ లెక్క ఆమెకు రాదు. వేళ్ళు పూర్తిగా పోతే ఇక ఆ అంచు తప్పో ఒప్పో చెప్పగలిగే మనిషే ఉండదు. నాకు కొత్తగా అక్షరాలు వచ్చాయి. ఆమె వేళ్ళు ఉండగానే దాన్ని కాగితం మీద పెట్టాలి. నాకు పట్టుకున్న పట్టుదల అదే.

చీర పంపమని వదినకు ఫోను చేశాం.

"చీర యాడిది మే, ఉయ్యాలైంది గదా" అంది వదిన.

మా కుటుంబంలో ఒక ఆచారం ఉంది. బిడ్డకు మొదటి ఉయ్యాల ఇంటి పెద్దామె నేసిన పాత చీరతో కడతారు. కట్టిన ఉయ్యాలను బిడ్డ పాకేదాకా విప్పరు. వదిన మనవరాలికి అప్పటికి నాలుగో నెల. ఇంకో నాలుగు నెలలు చీర దిగదు. అన్నాళ్ళు అత్త వేళ్ళు ఆగవు.

"పోనీ ఫోటో తీసి పంపిచ్చు వదినా" అన్నాను.

ఫోటో వచ్చింది. అది వచ్చిన దారి తర్వాత తెలిసింది. వదిన కోడలు తీసి, చీనీ తోటలో, అంటే బత్తాయి తోటలో, ఉన్న మొగుడికి పంపింది. అతను తన ఫోను తెర మీద కనిపించినదాన్ని మళ్ళీ ఫోటో పట్టి వాళ్ళమ్మకు పంపాడు. వదిన దాన్ని మా ఆయనకు పంపింది. చూడ్డానికి బాగానే ఉంది. నల్లటి అంచు, పసుపు అడుగులు. వేళ్ళతో సాగదీసి పెద్దది చేస్తే చిన్న చిన్న గళ్ళు కనిపించాయి. ఇంకా చూస్తే ఎనిమిది గళ్ళకు ఒకసారి నిలువునా, అడ్డంగా మసక గీతలు.

మా ఆయన ముఖం వెలిగిపోయింది. "ఏమే, ఎవురో పుణ్యాత్ములు గ్రాఫు గూడా గీసి పంపినారే!"

నేతపనిలో లేనివాళ్ళకు ఇది చెప్పాలి. అంచుకు బొమ్మ వేసేటప్పుడు ముందు గళ్ళ కాగితం మీద గీస్తారు. ఒక్కో గడి ఒక్కో పోగు. లెక్క తప్పకుండా ఎనిమిది గళ్ళకొక లావు గీత ఉంటుంది. మా కళ్ళు పుట్టినప్పటినుంచీ అట్లాంటి కాగితాలు చూసినవి. అందుకే ఆ ఫోటోలో గళ్ళు కనిపించగానే అవి పోగులే అనుకున్నాం. వాటికి మరో అర్థం ఉండగలదని మాకు తోచనే లేదు.

ఆయన నూలు కోసం ప్రొద్దుటూరుకు పోయినప్పుడు అక్కడ ఒక స్టూడియోలో ఆ ఫోటోను పెద్ద కాగితం మీద అచ్చు వేయించుకొచ్చాడు. నేను నేల మీద పరుచుకుని, చీపురుపుల్ల పెట్టి గడి గడీ లెక్కపెట్టి, నా పుస్తకంలో మొదటి పేజీలో రాశాను. "6 ఎత్తు. 4 వదులు. 5 ఎత్తు." నా చేత్తో రాసిన మొదటి అంచు. ఆయన మగ్గం మీద నల్లటి అంచు పోగులు సిద్ధం చేసుకున్నాడు. నేను పక్కన కూర్చుని చదువుతుంటే, ఆయన పుల్లతో పోగులు ఎత్తి వాటి కిందినుంచి పసుపు నూలు దూర్చి నేశాడు. నేను చదవడం, ఆయన ఎత్తడం. పెళ్ళయి నలభై ఏళ్ళయింది కానీ నా మాట ఆయన అంత బుద్ధిగా విన్నది అప్పుడే.

జానెడు నేశాక అత్తను చెయ్యి పట్టి తీసుకొచ్చి మగ్గం దగ్గర కూర్చోబెట్టాం. అప్పటికి ఆమెకు నాలుగు వేళ్ళలో స్పర్శ మిగిలుంది. అంచు మీద మెల్లగా చెయ్యి నడిపించింది. ఆగింది. మళ్ళీ నడిపించింది.

"ఇదేంది?" అంది.

"కోడికాలు" అన్నాడు ఆయన.

"కోడిదా, ఏనుగుదా? ఒక్కో వేలు ఇంత లావుందే."

మేమిద్దరం ముఖాలు చూసుకున్నాం. ఆమె ఇంకా తడుముతూనే ఉంది. "సరే, వేళ్ళు లావనుకో. వెనకవేలు యాడ?"

"వెనకవేలేంది అత్తా?" అన్నాను.

"నువ్వెప్పుడూ కోడిని సూడలే? ముందర మూడు, వెనక ఒగటి. వెనకది లేకుంటే కోడి యాడ నిలబడుతుంది? బొక్కబోర్లా పడదా?"

ఆయన నెత్తి గోక్కున్నాడు. "ఫోటోలో లేదు మా."

"ఫోటో నేసిందా, నేను నేస్తినా?" అంది అత్త. మరేమీ అనకుండా లేచింది. ఆమె తిట్టి ఉంటే బాగుండేది.

ఆ జానెడు విప్పేశాం. విప్పిన పసుపు నూలు మళ్ళీ చుట్టుకుంటూ నాకొక ఆలోచన వచ్చింది. కాళ్ళు చేతులు ఆడకుండా లెక్క రాదంటే, మగ్గం ఆడుతుంటే పక్కన కూర్చోబెడితే? మర్నాడు అట్లాగే చేశాం. ఆయన అంచుకు బొమ్మ వేయకుండా ఉత్త గుడ్డ నేస్తుంటే అత్త పక్కన కూర్చుని ఆ చప్పుడుకు కాలు ఆడిస్తూ నిజంగానే అందుకుంది. నాకు రాసే వేగం లేదు కాబట్టి ఫోనులో రికార్డు పెట్టి మగ్గం గుంజకు ఆనించాను. తర్వాత విందామని పెడితే ధన్, ధన్ అని మగ్గమే వినిపిస్తోంది. "మూడెత్తు" వినపడుతుంది. ఆ వెంటనే అత్త గొంతు దించి అనే "వదులు" ఎన్నో తెలియదు. రెండోసారి చెప్పమంటే "అన్నేసిసార్లు రాదు మే" అంది. అన్నాక కాసేపటికి, "కుడిచేతిది ఇంకోటి తిమ్మిరెక్కింది" అంది.

నేనే ప్రొద్దుటూరు బస్సెక్కాను. ఫోటో అచ్చు వేసిన స్టూడియో ఒక సందులో ఉంది. దాన్ని నడిపేది ఒక ముస్లిం అమ్మాయి. అమ్మాయి అంటున్నాను కానీ ముప్పై అయిదేళ్ళుంటాయి. మొగుడు కువైట్‌లో డ్రైవరు. ఆమె ఫోటోలు తీయడం, పెళ్ళి వీడియోలు కోసి అతకడం, జిరాక్సులు అన్నీ ఒంటిచేత్తో చూసుకుంటుంది. నా పుస్తకం, అచ్చు వేసిన కాగితం, ఫోను మూడూ ఆమె ముందు పెట్టి జరిగింది చెప్పాను. వెనకవేలు దగ్గరికి వచ్చేసరికి నవ్వు ఆపుకోలేకపోయింది. నేనూ నవ్వాను.

"పెద్దమ్మా, ఫోటో అంటే గళ్ళే" అంది. కంప్యూటర్ మీద మా ఫోటోను సాగదీసి చూపించింది. "ఒక్కో గడికి ఒక్కో రంగు. ఆ రంగుకు ఒక అంకె. ఈ మిషన్లో బొమ్మ లేదు, అంకెల వరస ఉంటుంది, అంతే."

"అంటే మా గ్రాఫే గదా?"

"అచ్చం మీ గ్రాఫే. కాకుంటే ఆ గడి మీ పోగు గాదు, కెమెరా గడి. మీ చీరలో ఎన్ని పోగులుండాయో దానికేం తెలుసు? దగ్గర నుంచి తీస్తే ఒక పోగుకు పది గళ్ళొస్తాయి. దూరం నుంచి తీస్తే పది పోగులు ఒక గడిలో ఇరుక్కుంటాయి."

ఏనుగు కాలు ఎక్కడినుంచి వచ్చిందో తెలిసింది. "మరి ఎనిమిదికొక గీత ఉందే? అది ఎవురు గీసినారు?"

"ఎవురూ గీయలే. ఫోటోలు శానా బరువు పెద్దమ్మా, ఉన్నది ఉన్నట్టు పంపితే ఫోన్లో బిరీన పోవు. అందుకే పంపేటప్పుడు బరువు తగ్గిస్తాది. ఎనిమిది గళ్ళకు ఎనిమిది గళ్ళు ముక్కలు కోసుకుంటాది. ఒక్కో ముక్కలో ఏది ఉంచాల, ఏది తీసేయాల అని చూసుకుంటాది. రవ్వంత తీసేస్తే మనకు తెలీదు. ఇట్ల రెండు మూడుసార్లు తీసి తీసి పంపితే ఆ ముక్కల అతుకులు బయటపడతాయి. మీరు చూసింది ఆ అతుకులు."

నా పుస్తకం మొదటి పేజీ వైపు చూశాను. నేను అంత శ్రద్ధగా లెక్కపెట్టింది అతుకులను.

ఆమె అంతటితో వదల్లేదు. అడిగేవాళ్ళు దొరికితే చెప్పే మనిషి. బరువు తగ్గించడం రెండు రకాలంది. ఒకటి మూట కట్టడం. తెల్ల గడి, తెల్ల గడి, తెల్ల గడి అని వందసార్లు రాసే బదులు 'తెల్లవి వంద' అని రాసుకోవడం.

"ముందరిదే ఇంకా ఏడు" అన్నాను.

"ఏంది?"

అత్త లెక్క పాట చెప్పాను. ఆమె కుర్చీలో నిటారుగా కూర్చుంది. "అంతే పెద్దమ్మా! ఆ మూట విప్పితే ఒక్క గడి గూడా పోకుండా మొత్తం తిరిగొస్తాది. కాగితాలు, లెక్కలు అట్లే కడతాం. ఒక్క అంకె పోయినా కొంప మునుగుతాది గదా. ఫోటోలకు, పాటలకు, వీడియోలకు రెండో రకం. అందులో తీసేసింది తిరిగి రాదు."

"ఏం తీసేయాలో దానికెట్ల తెలుస్తాది?"

"కన్ను దేన్ని పట్టించుకోదో దాన్ని తీసేస్తాది. వెలుగు నీడలు కన్ను బాగా పట్టుకుంటాది, రంగుల్లో సన్న తేడాలు అంతగా పట్టుకోదు. నలుపు పక్కన నలుపులాంటి రంగుంటే రెండూ ఒకటే అనేస్తాది. ఆ వెనకవేలు ఏం రంగు?"

నాకు తెలియదు. దుకాణంలోంచే మా ఆయనకు ఫోను చేస్తే, ఆయన అత్తను అడిగి చెప్పాడు. వక్క రంగు. ముదురు ఎరుపు. ఒకే ఒక్క పోగు.

"నల్లటి దాని మీద వక్క రంగు, ఒకటే పోగు" అంది ఆమె చేతులు తిప్పేసి. "ఉంటాదా మరి?"

"రెండూ ఒకటేనని దానికి ఎవురు చెప్పినారమ్మా?" అన్నాను. నాకు కొంచెం కోపం వచ్చింది.

"కన్ను సంగతి తెలిసినోళ్ళు చెప్పినారు పెద్దమ్మా. వేలు సంగతి వాళ్ళకేం తెలుసు."

ఫోనులో రికార్డు కూడా వినిపించాను. శబ్దమూ అంతేనట. క్షణానికి కొన్ని వేలసార్లు శబ్దం ఎంతుందో కొలిచి అంకెలుగా రాసుకుంటుందట. బరువు తగ్గించేటప్పుడు, పెద్ద చప్పుడు పక్కన ఉన్న చిన్న చప్పుడు మన చెవికి ఎట్లాగూ ఆనదని దాన్ని తీసేస్తుందట. "అయినా తప్పంతా దాని మీద ఎయ్యొద్దు, ఫోను మగ్గం గుంజకు ఆనిచ్చింది మీరే" అంది. నిజమే.

వదిన పంపిన ఉయ్యాల వీడియో కూడా ఉంటే చూపించాను. గోడ మీద క్యాలెండరులో తేదీలు చక్కగా చదవొచ్చు, ఊగే ఉయ్యాల మాత్రం గళ్ళుగళ్ళుగా చెదిరిపోతోంది. వీడియో అంటే క్షణానికి పాతిక ముప్పై ఫోటోలంది. అన్నీ పూర్తిగా దాచుకోలేక ఒకదాన్ని పూర్తిగా పెట్టుకుని, ఆ తర్వాత వాటిలో కదిలినంత మేరకే రాసుకుంటుందట. కదలని గోడకు ముందరిదే, ముందరిదే. ఉయ్యాల పూర్తిగా కదులుతుంటే దానికి చేతినిండా పని, అందుకే ఆ తడబాటు. "మా ఆయన కువైట్ నుంచి మాట్లాడేటప్పుడు గూడా అంతే. వెనక బీరువా తళతళ మెరుస్తాంటాది. ఈయన చెయ్యి ఊపితే చెయ్యి యాడికి పోతాదో" అని నవ్వింది. నవ్వి, ఒక క్షణం ఆ ఆగిన వీడియో వైపే చూసింది.

నేను లేస్తుంటే చెప్పింది. "మీరే పోయి దగ్గరగా తీయండి, ఉయ్యాల ఆపి. నాకు పంపేటప్పుడు ఫోటో అని ఉండేది నొక్కొద్దు, డాక్యుమెంట్ అని ఉండేది నొక్కండి. అప్పుడు బరువు తగ్గించకుండా పంపిస్తాది. పుస్తకం గూడా తీసుకపోండి. దానికి చార్జింగు అక్కర్లేదు."

రెండు రోజుల తర్వాత పులివెందులకు బయల్దేరాను. బస్సు బోర్డు నేనే చదివి ఎక్కాను. ఎక్కాక అలవాటు కొద్దీ "ఇది పులివెందులకేనా అప్పా?" అని కండక్టరును అడిగాను.

"బోర్డు మీద రాసుండాది గదమ్మా, చదవలేదా?"

"చదివినా. అయినా అడుగుతాండా" అన్నాను. పక్క సీటామె నవ్వింది. పెన్న మీద వంతెన దాటాం, ముద్దనూరు దాటాం. అరటి తోటలు, చీనీ తోటలు మొదలయ్యేదాకా నేను దారిలో గోడల మీద రాతలు చదువుకుంటూనే ఉన్నాను.

వదిన ఇంట్లో నడవలో దూలానికి కట్టి ఉంది ఉయ్యాల. చీర మెత్తబడి, గుడ్డ పలచనై, లోపల పడుకున్న బిడ్డ నీడ కనిపిస్తోంది. అంచు మాత్రం గట్టిగానే ఉంది. నేను కాళ్ళు కడుక్కుని నేరుగా వచ్చి ఉయ్యాల పక్కన కూర్చున్నాను.

"బిడ్డను చూడ్డానికొస్తివనుకుంటే, బిడ్డ చుట్టూ చీరను చూస్తాండావే" అంది వదిన.

"బిడ్డ యాడికి పోతాది వదినా. అత్త వేళ్ళు పోతాండాయి."

వదిన వచ్చి ఉయ్యాల తాడు పట్టుకుని ఆపింది. ఆపగానే పాప కళ్ళు తెరిచింది. ఊపితే కళ్ళు మూసింది. ఆపితే మళ్ళీ తెరిచింది. ఆఖరికి మేమొక ఒప్పందానికి వచ్చాం. వదిన పది ఊపులు ఊపుతుంది, ఆపుతుంది. పాప ముఖం ముడుచుకునే లోగా నేను చీపురుపుల్లతో ఒక వరస లెక్కపెట్టి రాసుకుంటాను. మధ్యలో పాప లోపలినుంచి కాలితో సరిగ్గా నేను లెక్కపెడుతున్న చోటే తన్నేది. పోగులు చెదిరి మళ్ళీ మొదటికొచ్చేదాన్ని. "నాయనమ్మ పోలిక" అన్నాను. "నన్నేనా?" అంది వదిన. పాపకు నాయనమ్మ ఆమె ఒక్కతే, ఇంకెవర్ని అంటాను?

వెనకవేలు నా కంటికి కనిపించలేదు. పసుపు మడమ దగ్గర వేలికి సన్నగా తగిలింది. అంచును వెలుగుకు వంచి పట్టుకుంటే అప్పుడు కనిపించింది. నలుపులో వక్క రంగు, ఒక పోగు లావు, నాలుగు పోగుల పొడవు. దాన్ని రాసుకుని, ఇక మిగిలినవన్నీ ముందరిదే అనుకుని పుస్తకం మూయబోయాను. ఎందుకో పక్క అడుగు మీద కూడా వేలు పెట్టాను. వెనకవేలు తగలలేదు. మడమకు అటువైపు పెట్టాను. తగిలింది. మొదటి అడుగుకు వెనకవేలు ఎడమకు వంగి ఉంటే, రెండోదానికి కుడికి వంగి ఉంది. మూడోది మళ్ళీ ఎడమకు. మొదటిది కుడికాలు, రెండోది ఎడమకాలు. మా అత్త ఆ సంగతి ఎప్పుడూ చెప్పలేదు. కోడి ఒంటికాలి మీద గెంతదు కదా అని అనుకుని ఉంటుంది. చెప్పాల్సిన పనేముంది ఆమెకు?

"వదినా, నీకు తెలుసా ఇది?" అన్నాను.

వదిన వంగి, తనూ వేలు పెట్టి చూసింది. "ఇన్నేండ్లు కట్టుకున్యా" అంది. "నాకు తెలీదు."

రెండు అడుగులూ పూర్తిగా రాశాను. కింద "ఈ జత ముందరిదే, చివరిదాకా" అని రాశాను. పాప నిద్రపోయాక ఉయ్యాల కదలకుండా దగ్గరగా ఫోటో కూడా తీసి, డాక్యుమెంట్ అనే మాట వెతికి, ఒక్కో అక్షరం చదువుకుని నొక్కి పంపాను. ఇంటికి పోతూ ప్రొద్దుటూరు చుట్టి వెళ్ళాను. స్టూడియో ఆమె పెద్ద కాగితం మీద అచ్చు వేసి పెట్టింది. ఈసారి ఒక్కో పోగు కనిపించింది. వెలుగు పడిన చోట వక్క రంగు కూడా కనిపించింది. నా పుస్తకంతో పక్కపక్కన పెట్టి చూస్తే, ఒక చోట మూడు ఎత్తాల్సింది నేను నాలుగని రాసి ఉన్నాను. పాప తన్నిన చోటే అయి ఉంటుంది. దిద్దుకున్నాను.

మళ్ళీ నేను చదవడం, ఆయన ఎత్తడం. ఈసారి పసుపు నూలు పక్కన వక్క రంగు చిన్న కండె ఒకటి. జానెడు నేయడానికి నాలుగు రోజులు పట్టింది. అత్త ఏమీ అడగలేదు. మగ్గం చప్పుడు వింటూ మంచం మీద కూర్చునేది, ఆగినప్పుడల్లా ఇటు తల తిప్పేది.

అయిదో రోజు సాయంత్రం, వెలుతురు ఉండగానే ఆమెను తీసుకొచ్చాం. వెలుతురుతో ఆమెకు పని లేదు, మాకే కావాలి. అప్పటికి కుడిచెయ్యి మొత్తం మొద్దుబారింది. ఆ చెయ్యి అంచు మీద పెట్టి, కాసేపుంచి తీసేసింది. ఆయన చేతులు వెనక్కి కట్టుకుని గోడకు ఆనుకున్నాడు. అత్త ఎడమచెయ్యి చాపి, మిగిలిన వేళ్ళన్నీ ముడుచుకుని, ఒక్క చిటికెనవేలు అంచు మీద ఆనించింది. మెల్లగా నడిపించింది. మొదటి అడుగు దగ్గర ఆగింది. మడమ దగ్గర వేలు ఇటూ అటూ తిప్పింది.

"కుడికాలు" అంది.

వేలు జరిగింది.

"ఎడమ." ఇంకాస్త జరిగింది. "కుడి... ఎడమ..."

జానెడు అయిపోయేదాకా అట్లాగే వెళ్ళింది. చివర నేయని పోగుల మీదికి వచ్చాక వేలు తీసింది.

"ఊఁ. నడుస్తాంది" అంది.

ఆయన ముఖం అటు తిప్పుకున్నాడు. అత్త లేవబోతూ, "అయిదో అడుగు కాడ పోగు బిగువు చాల్లేదు. రవ్వంత కుంటుతాంది. నీ మొగునికి జెప్పు" అంది నాతో.

"ఆడనే ఉన్యా గదమ్మా, నాకే జెప్పు" అన్నాడు ఆయన గోడ వైపు నుంచి.

"నీకు ఏండ్ల నుంచి జెప్తాండా, ఇన్యావా?"

మర్నాడు పొద్దున ఆయన మగ్గంలోకి దిగకముందే నా పుస్తకం తీశాను. మొదటి పేజీలో ఏనుగు కాలు లెక్క అట్లాగే ఉంది. చింపేయమన్నాడు ఆయన. చింపలేదు. దాని కింద పెద్ద అక్షరాలతో రాశాను: "ఇది ఫోటో చూసి రాసిన లెక్క. దీంట్లో వెనకవేలు లేదు. నేయొద్దు. సరైనది నాలుగో పేజీలో ఉంది." రాసింది పైకి చదివి అత్తకు వినిపించి, రాట్నం ముందు కూర్చుని వక్క రంగు నూలు కండెకు ఎక్కించాను.